పాత బుల్లెట్ 350 కార్బొరేటర్‌ని ఇంట్లోనే విప్పి బాగుచేసుకోవడం: మిక్‌కార్బ్ వీఎం24 సమగ్ర మార్గదర్శి

ఆటోమొబైల్ షాపులో బుల్లెట్ కార్బొరేటర్ కిట్టు అడిగితే చిన్న ప్లాస్టిక్ కవరొకటి చేతిలో పెడతారు. జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే సన్న బెజ్జమున్న ఇత్తడి ముక్కలు), ఒక సూది, ఫ్లోట్ వాల్వు (పెట్రోలు మట్టం దాటకుండా ఆపేది), రెండు మూడు ఓరింగులు, కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె ప్యాకింగ్ అందులో ఉంటాయి. చాలామంది ఆ కవర్లో ఉన్నవన్నీ మార్చేస్తారు. బండి మళ్లీ సిగ్నల్ దగ్గర ఆగిపోతుంటే కార్బొరేటరే పోయిందని తేల్చేస్తారు. ఇత్తడి జెట్టు అంత తేలిగ్గా పోయే సరుకు కాదు. మూసుకుపోయేది బాడీ లోపల కంటికి కనపడని సన్నటి దారి. అరిగేవి యాక్సిలేటరు తిప్పితే పైకి లేచే స్లైడు, దానికి వేలాడే సూది, సూది దూరే గొట్టం. దొంగగాలి, అంటే కార్బొరేటర్ లెక్కలో లేని గాలి, లోపలికి వచ్చేది ఇంజినుకి బిగించే ముఖం, ఫ్లాంజి దగ్గర. ఈ మూడూ చూడకుండా కిట్టు మార్చి లాభం లేదు.

ఇక్కడ చెప్పేది పోత ఇనుము సిలిండరున్న 346 సీసీ బుల్లెట్ మీద వచ్చిన మిక్‌కార్బ్ వీఎం24 గురించి. మికునీ వీఎం జాతి గుండ్రటి స్లైడు కార్బొరేటర్లన్నిటికీ పద్ధతి దాదాపు ఇదే. ఇంకా పాత బళ్ల మీద చోక్ లివర్ బదులు గిన్నెలో పెట్రోలు మట్టం పెంచే టిక్లర్ మీట నొక్కే అమల్ రకం ఉంటుంది. దాని విడిభాగాలు వేరు, కడిగే తీరు మాత్రం ఒకటే. పైమూత కింద పల్చటి రబ్బరు డయాఫ్రం ఉన్న సీవీ రకానికి మాత్రం ఇది పనికిరాదు. క్లీనరు పడితే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

విప్పే ముందు: తప్పు నిజంగా కార్బొరేటర్‌దేనా?

బుల్లెట్‌లో కార్బొరేటర్ మీద పడే నిందల్లో సగం ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే పాయింట్లవి. కాంటాక్ట్ పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉందా, ప్లగ్గు సందు 0.5 మి.మీ. దగ్గర్లో ఉందా చూడండి. ట్యాపెట్లు (వాల్వుల సందు) ఇంజిను చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్ పైకొసకు వచ్చాక చూడాలి. పుష్‌రాడ్‌ని వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఇవి సరిలేకుండా కార్బొరేటర్ ట్యూనింగు మొదలుపెడితే అంతా ఊరకే తిప్పడమే అవుతుంది.

తర్వాత ట్యాంకు. పెట్రోల్ కాక్‌కి ఉన్న పైపు పీకి, పారదర్శకమైన సీసాలోకి కొంచెం పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున తుప్పు రంగు మడ్డి గానీ నీటి బొట్లు గానీ తేలితే ముందు ట్యాంకు, కాక్ జల్లెడ కడగాలి. లేదంటే ఇవాళ కడిగిన కార్బొరేటర్ వారంలో మళ్లీ నిండుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. నెలల తరబడి వదిలేసిన బండి గిన్నెలో తెల్లటి పొడి, ఆకుపచ్చ తుప్పు కనిపించడం అందుకే.

కావలసినవి

మొన అరగని స్టార్ స్క్రూడ్రైవరు, జెట్టు గాడికి సరిగ్గా సరిపోయే మైనస్ స్క్రూడ్రైవరు, రింగు పానాలు, కార్బ్ క్లీనర్ స్ప్రే ఒక డబ్బా, వెర్నియర్, 400 నంబరు ఎమరీ పేపరు, చదునైన అద్దం ముక్క, కళ్లద్దాలు, గిన్నె ప్యాకింగ్, ఓరింగులు, ఫ్లాంజి ప్యాకింగ్. జెట్లు తుడవడానికి పాత కరెంటు తీగలోంచి తీసిన ఒక రాగి పోగు చాలు. గుండుసూది, ఉక్కు తీగ, డ్రిల్లు బిట్టు వాడొద్దు. ఇత్తడి మెత్తన. ఒక్క గీత పడితే బెజ్జం పెద్దదై ఆ జెట్టు మీద చెక్కిన నంబరుకి అర్థం లేకుండా పోతుంది.

విడిభాగాలు పెట్టుకోవడానికి పాత ఇడ్లీ రేకును మించింది లేదు. విప్పిన వరుసలో ఒక్కో గుంటలో ఒక్కోటి వేసుకుంటూ పోతే, బిగించేటప్పుడు వెనక్కి రావచ్చు. పని డాబా మీదో వరండాలోనో పెట్టుకోండి. వంటగది స్టవ్వు, దేవుడి దీపం, దోమల చుట్ట, సిగరెట్టు ఏదీ దగ్గర్లో ఉండకూడదు.

బండి మీంచి దించడం

పెట్రోల్ కాక్ మూసి, గిన్నెలో ఉన్న పెట్రోలు డ్రెయిన్ స్క్రూ ద్వారా వంపేయండి. ఎయిర్ ఫిల్టర్ వైపు రబ్బరు గొట్టం క్లిప్పు వదులు చేయండి. పైమూత విప్పి, కేబులుతో పాటు స్లైడును నిటారుగా పైకి లాగాలి. వంకరగా లాగితే కింద వేలాడే సూది వంగుతుంది. ఫ్లాంజి రకమైతే రెండు నట్లు, రబ్బరు మానిఫోల్డ్ రకమైతే క్లిప్పు తీస్తే కార్బొరేటర్ చేతికొస్తుంది. ఇన్‌లెట్ బెజ్జంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. అందులో ఒక వాషరు పడిందంటే హెడ్డు విప్పే పని తగులుతుంది.

కడగక ముందు బయటినుంచి ఒకసారి చూడండి. గిన్నె అంచున పసుపు చారలుంటే ప్యాకింగ్ లీకు. ఫ్లాంజి ముఖం మీద ఒక పక్క మాత్రమే నల్లగా ఉంటే అక్కడ గాలి దూరుతోంది.

విప్పే వరుస

మొదట ఎయిర్ స్క్రూ. ఎయిర్ ఫిల్టర్ వైపు పక్కనుండే చిన్న ఇత్తడి స్క్రూ అదే. పెద్ద స్ప్రింగుతో నడిమధ్యలో ఉండేది స్లో, అంటే గ్రిప్పు వదిలినప్పటి ఇంజిను వేగం, సరిచేసే స్లో స్క్రూ, రెంటినీ కలిపేసుకోవద్దు. ఎయిర్ స్క్రూని ముందు లోపలికి తిప్పుతూ, నెమ్మదిగా ఆనేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి. ఆ తర్వాతే పూర్తిగా బయటికి తీయండి. ఆనిన తర్వాత కూడా బిగిస్తే దాని మొన గాడిపడి, ఇక ఏ ట్యూనింగూ నిలవదు.

గిన్నె స్క్రూలు మొండికేస్తే స్క్రూడ్రైవరు తలమీద సుత్తితో రెండు దెబ్బలు కొట్టి తిప్పండి. గిన్నె తీశాక ఫ్లోట్ ఇరుసు పిన్నును ఒక వైపుకి నెట్టి ఫ్లోట్ తీయాలి. కొన్నిటిలో ఫ్లోట్లు గిన్నెలోనే విడిగా ఉంటాయి, పైన చేయి మాత్రమే పిన్నుకి వేలాడుతుంది. విప్పే ముందే కార్బొరేటర్‌ని తలకిందులు చేసి, ప్యాకింగ్ కూర్చునే ముఖం నుంచి ఫ్లోట్ అంచు దాకా ఎత్తు వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. కొత్త వాల్వు వేశాక తిరిగి రావలసిన కొలత అదే.

ఫ్లోట్ వాల్వు సీటు పానాతో ఊడుతుంది. దాని కింది వాషరు మందం పెట్రోలు మట్టాన్ని మారుస్తుంది, కాబట్టి రెండు వాషర్లు వేయడం, అసలు వేయకపోవడం రెండూ తప్పే. మెయిన్ జెట్టు, దాని చుట్టూ ఉండే రింగు తీశాక, సూది గొట్టాన్ని కింది నుంచి చెక్కపుల్లతో నెడితే పైకి, స్లైడు తిరిగే బోరులోకి వస్తుంది. పక్కన లోతైన బావిలాంటి గుంటలో పైలట్ జెట్టు ఉంటుంది. సన్నటి మైనస్ స్క్రూడ్రైవరు నిటారుగా దించి, గాడిలో పూర్తిగా కూర్చుందని రూఢి చేసుకున్నాకే తిప్పండి. ఇక్కడ గాడి చితికితే చాలా ఇబ్బంది. చివరగా చోక్ ప్లంజరు.

జెట్ల మీద అంకెలు రాసుకోండి. కిట్టులో వచ్చిన జెట్ల అంకెలు వేరైతే పాతవే కడిగి వాడండి. నాసిరకం కిట్లలో అంకె ఒకటి, బెజ్జం ఒకటి. పాత జెట్టూ కొత్త జెట్టూ పక్కపక్కన వెలుతురుకి పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

కడగడం: అసలు పని ఇదే

రబ్బరు, ప్లాస్టిక్ అన్నీ తీసేశాకే క్లీనర్ స్ప్రే వాడాలి. బయటి జిడ్డుకి పెట్రోలు, పాత టూత్‌బ్రష్ చాలు. కిరసనాయిలు జిడ్డు పొర వదులుతుంది, చివరి కడుగుకి పనికిరాదు. మెరుపు కోసం బాడీని చింతపండు రసంలోనో నిమ్మ ఉప్పు నీళ్లలోనో రాత్రంతా నానబెట్టడం చేయకండి. ఇత్తడికి పర్వాలేదు గానీ బాడీ పోత లోహాన్ని పులుపు తినేస్తుంది. కాస్టిక్ సోడా అంతకంటే చేటు.

ఇక పైలట్ దారి. స్లో మీద బండి నిలబడేదీ, యాక్సిలేటరు కొద్దిగా తిప్పినప్పుడు తడబడకుండా అందుకునేదీ దీనివల్లే. కార్బొరేటర్ నోటి వైపు, అంటే ఎయిర్ ఫిల్టర్ వైపు, పెద్ద బెజ్జం కింద చిన్న గాలి బెజ్జాలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి ఎయిర్ స్క్రూ మీదుగా పైలట్ జెట్టు బావికి వెళ్తుంది. అక్కడినుంచి దారి రెండుగా చీలి బోరు నేలమీద తేలుతుంది. ఒక బెజ్జం స్లైడుకి ఇంజిను వైపు, రెండోది దాదాపు స్లైడు అంచు కిందే.

పరీక్ష ఇలా. కళ్లద్దాలు పెట్టుకోండి. స్ప్రే గొట్టాన్ని ఎయిర్ స్క్రూ బెజ్జంలో గట్టిగా ఆనించి, నోటి వైపు గాలి బెజ్జాన్ని వేలితో మూసి, పైలట్ జెట్టు బావిని ఇంకో వేలితో మూసి నొక్కండి. బోరులో రెండు బెజ్జాల నుంచీ రెండు సన్నటి ధారలు లేవాలి. ఒక్కటే వస్తే, లేదా ధార బదులు బొట్లు కారితే, దారి ఇంకా మూసుకునే ఉంది. స్ప్రే నింపి అరగంట నాననిచ్చి, పంక్చరు షాపులో కంప్రెసర్ గాలి కొట్టించి మళ్లీ చూడండి. మొండి మడ్డికి మూడు నాలుగు సార్లు పడుతుంది. ఈ రెండు ధారలూ చూడకుండా మూత బిగించారంటే పని చేయనట్టే లెక్క.

పైలట్ జెట్టు పక్కల ఉండే అడ్డ బెజ్జాలు కూడా రాగి పోగుతో తుడవండి. వెలుతురుకి ఎత్తి చూస్తే నడిమధ్య గుండ్రటి చుక్క కనపడాలి. చంద్రవంకలా కనిపిస్తే లోపల ఇంకా జిగురుంది.

చాలామంది మరిచిపోయేది గిన్నె. అడుగున ఒక మూలలో చిన్న బావి, దానిలోకి వెళ్లే సూదిమొనంత బెజ్జం ఉంటుంది. చోక్‌కి పెట్రోలు వచ్చేది అందులోంచే. అది మూసుకుంటే చలికాలం పొద్దున్నే ఎన్ని కిక్కులు కొట్టినా బండి లేవదు, చోక్ లాగినా లాగకపోయినా ఒకటే.

అరుగుదల చూడటం

సూదిని అద్దం మీద దొర్లించండి. ఎగిరెగిరి దొర్లితే వంగినట్టు. మధ్యలో మెరిసే చదును మచ్చ ఉంటే అరిగింది. సూది అరిగిందంటే గొట్టం బెజ్జం కూడా కోడిగుడ్డు ఆకారానికి వచ్చే ఉంటుంది, రెండూ జతగానే మార్చాలి. గంటకు 40, 50 కిలోమీటర్ల వేగంలో ప్లగ్గు నల్లబడి మైలేజి పడిపోయే బళ్లలో మొదట అనుమానించాల్సింది ఈ జతనే.

స్లైడును బోరులో పెట్టి వేలితో ముందుకీ వెనక్కీ కదపండి. కొద్దిగా ఆడటం సహజం. టకటకమని కొట్టుకుంటే పక్క సందుల్లోంచి గాలి దూరి స్లో ఎప్పుడూ ఒకచోట నిలవదు. కొత్త స్లైడు కొంతవరకే నయం చేస్తుంది. బోరు కూడా అరిగితే వేరే బాడీ వెతుక్కోవడమే.

ఫ్లోట్ వాల్వు రబ్బరు మొన చుట్టూ గాడి పడితే మార్చేయండి. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపి చూడండి, లోపల పెట్రోలు గలగలమంటే అది మునిగిపోతుంది. చోక్ ప్లంజరు అడుగు రబ్బరు పగిలితే చోక్ మూసినా పెట్రోలు కారుతూనే ఉంటుంది. బండి తాగుతోందని మెయిన్ జెట్టు తగ్గించే ముందు ఈ రబ్బరు చూడాలి.

ఫ్లాంజి ముఖాన్ని అద్దం మీద ఆనించి నాలుగు మూలలా నొక్కండి. ఊగితే వంగింది. నట్లు అతిగా బిగించే చేతులు చేసే పని ఇది. అద్దం మీద ఎమరీ పరిచి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుతూ ముఖమంతా ఒకే రంగు తేలేదాకా తీయండి. తర్వాత మళ్లీ ఒకసారి బాడీ మొత్తం కడగాలి. ఎమరీ పొడి ఒక్క రేణువు పైలట్ దారిలో మిగిలినా కథ మొదటికొస్తుంది.

బిగించడం

సూది గొట్టం ఎలా పడితే అలా కూర్చోదు. దాని గాడి బాడీలోని చిన్న పిన్నుకి ఎదురుగా రావాలి. తర్వాత రింగు, మెయిన్ జెట్టు. జెట్లని వేళ్లతో తిప్పగలిగినంత తిప్పి, చివర పావు చుట్టులోపే బిగించండి. ఇత్తడి మరలు పోత లోహంలో పట్టుకుని ఉంటాయి, బలం చూపించే చోటు కాదది.

ఫ్లోట్ బిగించాక కార్బొరేటర్‌ని తలకిందులు చేసి ముందు రాసుకున్న ఎత్తు వచ్చిందో లేదో చూడండి. రాకపోతే వాల్వు మీద ఆనే నాలుక రేకును వెంట్రుకవాసి మాత్రమే వంచాలి. విడి ఫ్లోట్ల రకంలో ఆ చేయి ప్యాకింగ్ ముఖానికి సమాంతరంగా ఉంటే చాలు. అదే భంగిమలో పెట్రోలు గొట్టంలోకి నోటితో ఊదండి, గాలి పోకూడదు. ఫ్లోట్ ఎత్తి పట్టుకుంటే పోవాలి. తర్వాత గిన్నె మూసి, నిటారుగా నిలబెట్టి, ఒక చిన్న సీసా పెట్రోలు అర మీటరు ఎత్తున వేలాడదీసి పైపు కలపండి. పావుగంటలో ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి ఒక్క బొట్టూ రాకూడదు. బండి మీద బిగించాక బయటపడే లీకు కంటే బల్ల మీద బయటపడే లీకు నయం.

సూది క్లిప్పు ఏ గాడిలో ఉందో అక్కడే పెట్టండి. అయిదు గాళ్లుంటే మధ్యది మంచి ఆరంభం. క్లిప్పు పై గాడికి మారిస్తే సూది దిగి పెట్రోలు తగ్గుతుంది, కింది గాడికి మారిస్తే పెరుగుతుంది.

స్లైడు దించేటప్పుడు కోత ఉన్న వైపు ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండాలి, గాడి బోరులోని పిన్ను మీద కూర్చోవాలి. తిరగేసి దించితే, బండి స్టార్టు కాగానే రేసు ఆకాశానికంటుతుంది. అందుకే మూత బిగించాక యాక్సిలేటరు మొత్తం తిప్పి వదలండి. లోపల స్లైడు ‘టక్’మని అడుగుకి పడ్డ చప్పుడు వినిపించాలి. వినపడనంత వరకూ కిక్కు కొట్టొద్దు. హ్యాండిల్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి కూడా ఇదే పరీక్ష చేయండి. కేబులులో ఒకటి రెండు మి.మీ. వదులు ఉంచాలి.

ఫ్లాంజికి కొత్త ప్యాకింగ్ వేయండి, వేడి ఆపే స్పేసరు ఉంటే దానికి రెండు వైపులా. సిలికాన్ గమ్ పూయకండి, ఎక్కువైంది ఊడి లోపలికి పోతుంది. రెండు నట్లనూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి.

ట్యూనింగు

ఎయిర్ స్క్రూ ఆనిన చోటునుంచి ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పి ఉంచండి. బండి స్టార్టు చేసి పది నిమిషాలు నడిపి, ఇంజిను బాగా వేడెక్కాక సెంటర్ స్టాండ్ వేయండి. స్లో స్క్రూతో కాస్త ఎక్కువ స్లో పెట్టి, ఎయిర్ స్క్రూని పావు చుట్టు చొప్పున లోపలికీ బయటికీ తిప్పుతూ ప్రతిసారి అయిదారు సెకన్లు ఆగి వినండి. ఇంజిను ఎక్కడ అన్నిటికంటే వేగంగా, నిలకడగా తిరుగుతుందో అక్కడ వదిలేసి, స్లో స్క్రూతో వేగం తగ్గించండి. ఇదే వరుస ఇంకోసారి. ఇది గాలిని నియంత్రించే స్క్రూ కాబట్టి లోపలికి తిప్పితే గాలి, పెట్రోలు మిశ్రమం చిక్కబడుతుంది (పెట్రోలు పాలు పెరుగుతుంది), బయటికి తిప్పితే పల్చబడుతుంది.

మంచి చోటు ఒక చుట్టు కన్నా తక్కువలో దొరికితే ఇంజిను పెట్రోలు చాలక అడుగుతోందని అర్థం. పైలట్ దారి ఇంకా శుభ్రం కాలేదు, లేదా దొంగగాలి ఉంది, ఆ రెండూ కాకపోతేనే ఒక అంకె పెద్ద జెట్టు. రెండున్నర చుట్లు దాటితే దానికి వ్యతిరేకం. దొంగగాలి కనిపెట్టడానికి స్లో మీద ఉండగా ఫ్లాంజి చుట్టూ నీళ్ల స్ప్రే కొట్టండి, చప్పుడు మారితే దొరికినట్టే. వేడి ఇంజిను మీద కార్బ్ క్లీనర్‌తో ఈ పరీక్ష చేసేవాళ్లున్నారు. అది నిప్పుతో చెలగాటం.

‘డుగ్... డుగ్...’ అని ఒక్కో దెబ్బా లెక్కపెట్టేంత స్లో పెట్టుకోవాలన్న సరదా బుల్లెట్ వాళ్లకి మామూలే. అంత తక్కువలో ఆయిల్ పంపు కూడా నీరసంగానే తిరుగుతుంది, ఆమీటరు ముల్లు డిశ్చార్జి వైపు పడిపోతుంది. కొంచెం పైనే ఉంచండి.

రోడ్డు మీద లక్షణాలు యాక్సిలేటరు తెరిచిన మేరను బట్టి చదవాలి, బండి వేగాన్ని బట్టి కాదు. గ్రిప్పు మీద, హౌసింగు మీద టేపు ముక్కలతో పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకుంటే సులువు. పావులోపు ఇబ్బందంతా పైలట్ దారిది, స్లైడు కోతది. పావు నుంచి ముప్పావు దాకా సూది, గొట్టానిది. ఆ పైన మెయిన్ జెట్టుది. ముప్పావు దాటాక లాగకుండా గుంజుతుంటే మాత్రం జెట్టు మార్చే ముందు పెట్రోల్ కాక్ ధార, ట్యాంకు మూత గాలి బెజ్జం చూడండి. మూత తెరవగానే ‘స్స్’మని గాలి పీలిస్తే దోషి దొరికినట్టే.

గ్రిప్పు వదిలినప్పుడు సైలెన్సర్లో ఫట్‌ఫట్‌మంటే పైలట్ మిశ్రమం పల్చగా ఉంది, లేదా బెండు పైపు హెడ్డు దగ్గర లీకవుతోంది. వేడి మీద ఆపిన బండి మళ్లీ లేవక, గ్రిప్పు పూర్తిగా తెరిచి కిక్కు కొడితేనే లేస్తుంటే పెట్రోలు మట్టం ఎక్కువైంది. అరకు ఘాట్ ఎక్కినప్పుడు కొంచెం బరువుగా అనిపించడం సహజం. అక్కడి పల్చటి గాలికి మిశ్రమం చిక్కబడుతుంది. దాని కోసం జెట్టు మార్చనక్కర్లేదు, ఎయిర్ స్క్రూ పావు చుట్టు బయటికి తిప్పితే స్లో కుదురుకుంటుంది.

చివరగా ప్లగ్గు. కొత్త ప్లగ్గు వేసి, ఖాళీ రోడ్డు మీద సగం గ్రిప్పుతో రెండు మూడు కిలోమీటర్లు నడిపి, క్లచ్ పట్టి ఇంజిను అక్కడే ఆపి విప్పి చూడండి. పింగాణీ పాలెక్కువ కాఫీ రంగులో ఉంటే సరే. పొడి మసి పడితే క్లిప్పు ఒక గాడి పైకి, సున్నంలా తెల్లబడి మెరుస్తుంటే ఒక గాడి కిందికి. ఇథనాల్ పెట్రోలుతో రంగు ఎప్పుడూ కాస్త పాలిపోయే ఉంటుంది కాబట్టి పాత పుస్తకాల్లోని ముదురు గోధుమ రంగు కోసం పట్టుబట్టొద్దు. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది తేదీతో సహా రాసుకోండి. బండి నెల పైన కదలదనుకుంటే కాక్ మూసి, గిన్నె డ్రెయిన్ స్క్రూ విప్పి ఖాళీ చేసి పెట్టండి.